నాలుగు కాళ్ళున్నవన్నీ ఆవులే అనే పాపకి, గుప్పెడు పిక్కల్ని మూడనే బాబుకి ఎలా నేర్పాలి?

టీచర్ గారూ, శ్రీకాకుళం జిల్లాలో అంగన్‌వాడీ నడుపుతున్నానని చెప్పి మీరు మూడు సంగతులు అడిగారు. ఒకటి, అప్పతో (అక్కతో) పాటు మీ కేంద్రానికి వచ్చే రెండున్నరేళ్ళ పాప ఆవునీ, గేదెనీ, మేకనీ, ఆఖరికి కుక్కని కూడా ‘ఆవు’ అనే అంటోంది. రెండు, నాలుగేళ్ళ బాబు ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా అప్పజెప్తాడు గానీ ‘మూడు చింతపిక్కలు ఇయ్యి’ అంటే గుప్పెడు తీసి చేతిలో పోస్తాడు. మూడు, గోడ మీది చార్టులో త్రిభుజాన్నీ పసుపు రంగునీ టక్కున చూపించే పిల్లలు బయటికొచ్చాక వాటినే గుర్తుపట్టరు. ‘మా పిల్లల బుర్రకి ఎక్కట్లేదా?’ అని తల్లులు అడుగుతున్నారని రాశారు.

ఎక్కుతోంది. ముగ్గురి బుర్రలోనూ ఒక్కో నియమం తయారై కూర్చుంది. అది మనం నేర్పాలనుకున్న నియమం కాకపోవడమే చిక్కు. తప్పుని కాస్త నిదానంగా చూస్తే పిల్ల ఏ నియమం పెట్టుకుందో తెలిసిపోతుంది. అది తెలిస్తే తర్వాత ఏ ఉదాహరణ చూపించాలో తెలుస్తుంది. కింద రాసినదంతా ఆ ఒక్క పని గురించే: ఏ ఉదాహరణని, దేని పక్కన పెట్టి, ఏ వరసలో చూపించాలి.

ముందు పేరు సంగతి. పిల్లలకి కొత్త పేరు ఆశ్చర్యం కలిగించేంత త్వరగా అంటుకుంటుంది. 1978లో అమెరికాలో సుసాన్ కేరీ, ఎల్సా బార్ట్‌లెట్ అనే పరిశోధకులు మూడు నాలుగేళ్ళ పిల్లల ముందు రెండు ట్రేలు ఉంచారు. ఒకటి నీలం, రెండోది పిల్లలకి పేరు తెలియని ముదురు ఆకుపచ్చ. ‘ఆ క్రోమియం ట్రే తీసుకురా, నీలంది కాదు, క్రోమియంది’ అని మామూలు పనిలో భాగంగా అన్నారు. పిల్లలు సరైన ట్రేనే తెచ్చారు. తర్వాత కూడా కొందరికి ‘క్రోమియం’ అంటే ఏదో రంగు పేరని గుర్తుంది. అది ఏ రంగో కచ్చితంగా స్థిరపడడానికి మాత్రం చాలా కాలం పట్టింది. పేరు ఒక్క పూటలో వస్తుంది, దాని హద్దు నెలల మీద ఏర్పడుతుంది. మీ పాప ‘ఆవు’ సరిగ్గా ఈ రెండిటి మధ్య ఉంది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. రెండేళ్ళ పిల్లలు కొత్త పేరు వినగానే సరైన వస్తువు తీసి ఇచ్చినా, అయిదు నిమిషాల తర్వాత అడిగితే మర్చిపోయినట్టు 2008లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. ఆ వస్తువుని పెద్దవాళ్ళు చేత్తో ఎత్తి, వేలితో చూపిస్తూ పేరు చెప్పినప్పుడు మాత్రం కొంత నిలిచింది. కాబట్టి పాఠం చెప్పిన వెంటనే అడిగి ‘వచ్చేసింది’ అని రాసుకోకండి. మర్నాడు, వేరే వస్తువుతో అడగండి.

కొత్త పేరు విన్నప్పుడు పిల్ల గుడ్డిగా ఊహించదు. కొన్ని అలవాట్లు పెట్టుకుని ఊహిస్తుంది. గట్టి వస్తువుకి పేరు చెప్తే ఆకారాన్ని పట్టుకుంటుంది. ఇత్తడి చెంబుని ఒకసారి ‘చెంబు’ అన్నామంటే స్టీలుదీ, ప్లాస్టిక్‌దీ కూడా చెంబే అని తనే అనుకుంటుంది. రంగునీ, దేంతో చేశారన్నదాన్నీ పక్కన పెట్టేస్తుంది. రెండు మూడేళ్ళ పిల్లల్లో ఈ అలవాటుని 1988లో స్పష్టంగా చూపించారు. అదే పిండి, అంబలి, బురద లాంటి కారే, రాలే పదార్థాలైతే ఆకారాన్ని వదిలేసి పదార్థాన్నే పట్టుకుంటారు. ఈ ఆకారం అలవాటు చాలావరకు మాటలు నేర్చుకుంటుండగానే పదునెక్కుతుంది. పదిహేడు నెలల పిల్లలకి ఒకే ఆకారం ఉన్న బొమ్మల జతలతో వారానికోసారి చొప్పున ఏడు వారాలు ఆడిస్తూ పేర్లు నేర్పితే, ఆ తర్వాత వాళ్ళు ఇంట్లో నేర్చుకునే వస్తువుల పేర్లు కూడా వేగంగా పెరిగాయని 2002లో తేలింది. ఒక విషయం సరిగ్గా నేర్చుకోవడంతో తర్వాతవి నేర్చుకునే తీరు కూడా మారిందన్నమాట. అందుకే మొదటి మాటల దగ్గర మనం పెట్టే శ్రమ వృథా పోదు.

రెండో అలవాటు, ఒక వస్తువుకి ఒకే పేరు ఉంటుందనుకోవడం. గరిటె తెలిసి జల్లెడ తెలియని పిల్ల ముందు రెండూ పెట్టి ‘జల్లెడ ఏది?’ అంటే తెలియనిదాన్నే తీస్తుంది. కొత్త పేరు నేర్పడానికి ఇది మంచి ఉపాయం. ఇదే అలవాటు ఒకచోట అడ్డం కూడా పడుతుంది. ఆవుని చూపించి ‘ఇది జంతువు’ అంటే ‘కాదు, ఆవు’ అని పిల్ల ఎదురు చెప్తుంది. జంతువు, పండు, పక్షి లాంటి పెద్ద గుంపు పేర్లు ఒక్కదాన్ని చూపించి నేర్పకండి. ఆవు, మేక, కుక్క బొమ్మలు మూడూ ఒక బుట్టలో వేసి ‘ఇవన్నీ జంతువులు’ అనండి. ఆ గుంపుకి ఇంకా పేరు లేదు కాబట్టి కొత్త పేరు అక్కడ సులువుగా అతుక్కుంటుంది.

ఇక పాప దగ్గరికి వద్దాం. మొదట తేల్చాల్సింది ఆమెకి తేడా తెలియదా, లేక తేడా తెలిసినా నోటికి మాట లేదా అన్నది. ఆవు, గేదె, మేక ఫోటోలు మూడు పక్కపక్కన పెట్టి ‘మేక ఏది?’ అని అడగండి. వరస మార్చి మూడు నాలుగు సార్లు అడగాలి, లేకపోతే గుడ్డిగా తగలొచ్చు. సరిగ్గా చూపిస్తే ఆమెకి తెలుసు, ఉన్న మాటతో సర్దుకుంటోంది. ఇది చాలా మామూలు. మొదటి 75 మాటల్లో సుమారు మూడో వంతు మాటల్ని పిల్లలు ఇలా అతిగా సాగదీసి వాడతారని 1980లో వచ్చిన ఒక అధ్యయనంలో కనిపించింది. చూపించలేకపోతే మాత్రం హద్దు గియ్యాల్సిన పని మనదే.

హద్దు గియ్యడంలో ఇళ్ళల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ‘కాదమ్మా, ఆవు కాదు’ అని అక్కడితో ఆపెయ్యడం. తను పెట్టుకున్న నియమంలో ఏ ముక్క తప్పో పిల్లకి దానివల్ల తెలియదు. సరైన పేరు, దాంతో పాటే కంటికి కనిపించే తేడా, రెండూ ఒకే ఊపిరిలో చెప్పాలి. ‘ఇది మేక. గెడ్డం చూడు. మే అంటుంది. ఆవు అంబా అంటుంది.’ ఇలా తేడా చూపిస్తూ సరిచేసినప్పుడే పిల్లలు మాట మార్చుకునే అవకాశం ఎక్కువని 1986లో పరిశీలించారు. ‘ఎన్నిసార్లు చెప్పాలి నీకు’ అన్న మాట మాత్రం వద్దు. తప్పు చెప్తే మందలిస్తారని తెలిసిన పిల్ల ఊహించడమే మానేస్తుంది. అప్పుడు ఆమె నియమం ఏమిటో మనకి కనపడదు కూడా.

జతల వరస ఇలా పెట్టుకోండి. మొదట ఆవు–కుక్క, పెద్ద తేడా. తర్వాత ఆవు–మేక. ఆఖరున ఆవు–గేదె, ఎందుకంటే ఆ రెండిటి ఆకారం దగ్గర దగ్గరగా ఉంటుంది, అక్కడ కొమ్ముల వంపునీ ఒంటి రంగునీ పట్టుకోవాలి. ఒక పూటకి ఒక్క జతే. దీనికి సమానంగా ఇంకో పని జరగాలి: ‘ఆవు’ లోపల ఉన్న వైవిధ్యం చూపించడం. తెల్లావు, ఎర్రావు, కొమ్ములు రాని పెయ్య, పడుకుని నెమరేస్తున్న ఆవు, గెడ్డ (వాగు) అవతల గట్టు మీద చిన్నగా కనపడుతున్న ఆవు. తేడా ఉన్న జతలు హద్దుని బయటి నుంచి బిగిస్తాయి, వైవిధ్యం ఉన్న ఉదాహరణలు హద్దుని లోపలి నుంచి విస్తరిస్తాయి. రెండిట్లో ఒకటే చేస్తే పిల్ల ఇటో అటో ఒరిగిపోతుంది.

ఉదాహరణల ఎంపిక ఎంత పని చేస్తుందో 2007లో ఫెయి షూ, జాషువా టెనెన్‌బామ్ చూపించారు. ఒక చుక్కల కుక్కని (డాల్మేషియన్) చూపించి కొత్త పేరు చెప్తే, నాలుగేళ్ళ చుట్టుపక్కల పిల్లలు ఆ పేరుని ఇతర కుక్కలకి కూడా వాడటానికి మొగ్గారు. మూడు చుక్కల కుక్కల్నే చూపించి అదే పేరు చెప్తే, అది చుక్కల కుక్కలకే అని కుదించుకున్నారు. ‘అన్ని కుక్కలకీ పేరైతే మూడూ ఇదే రకం ఎందుకు చూపిస్తారు?’ అని లెక్క వేసినట్టుగా ప్రవర్తిస్తారు. దీన్ని మన పనికి అన్వయిస్తే, మూడు తెల్లకోళ్ళ బొమ్మలున్న చార్టు ‘కోడి’ నేర్పదు, ‘తెల్లకోడి’ నేర్పుతుంది. నాటుకోడి, పుంజు, పిల్ల, ఫారం కోడి ఒక్కొక్కటి చాలు. మూడు ఉదాహరణలు అన్నప్పుడు ఆ మూడూ ఒకదానికొకటి ఎంత దూరంగా ఉన్నాయో చూసుకోవాలి.

‘పక్షి’ అన్న మాటకి ఇది మరీ అవసరం. చార్టుల్లో ఎప్పుడూ పిచ్చుకంత పక్షే ఉంటుంది కాబట్టి కోడి పక్షి కాదని పిల్లలు వాదిస్తారు. కాకి, కోడి, బాతు, కొంగ పక్కపక్కన పెట్టి అన్నిటికీ ఈకలు, ముక్కు, గుడ్లు అని ఒక్కొక్కటీ చూపించండి. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి చలికాలంలో వలస వచ్చే గూడబాతుల్ని చూడటానికి తీసుకెళ్ళగలిగితే అంతకు మించిన పాఠం లేదు. సంచి లాంటి గొంతుతో, అంత పెద్ద ఒంటితో ఉన్నది కూడా పక్షే అని కళ్ళారా చూసిన పిల్లకి ఆ మాట హద్దు ఒక్కసారిగా పెరుగుతుంది.

నాలుగేళ్ళు వచ్చేసరికి పేరుకి ఇంకో బలం వస్తుంది. 1986లో సుసాన్ గెల్మన్, ఎలెన్ మార్క్‌మన్ చేసిన ప్రయోగంలో పిల్లలకి ఒక ఫ్లెమింగోని, ఒక గబ్బిలాన్ని చూపించి వాటి గుణాలు చెప్పారు. తర్వాత చూడటానికి గబ్బిలంలా ఉన్న నల్ల పక్షిని చూపించి ‘ఈ పక్షి సంగతి ఏమిటి?’ అన్నారు. చూపు గబ్బిలం వైపు లాగినా, పిల్లలు ఎక్కువసార్లు ‘పక్షి’ అన్న పేరునే నమ్మి జవాబు చెప్పారు. అందుకే పెద్దవాళ్ళ నోటి మాట జాగ్రత్తగా ఉండాలి. మనం సరదాగా గబ్బిలాన్ని పక్షి అన్నా, తిమింగలాన్ని చేప అన్నా పిల్ల ఆ పేరుతో పాటు గుడ్లనీ, మొప్పల్నీ కూడా దానికి అంటగడుతుంది.

ఇప్పుడు బాబు లెక్కలు. మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైనది నాకిదే అనిపించింది, ఎందుకంటే ఇరవై దాకా చెప్పే పిల్లవాడికి లెక్కలు వచ్చేశాయనుకుని యాభై, వంద నేర్పించడం మొదలెడతారు. అంకెల పేర్లు వరసగా చెప్పడం ఒక పని. ఒక్కో పిక్కని తాకుతూ ఒక్కో పేరు చెప్పడం రెండో పని. ఆఖరి పేరు మొత్తం గుంపుకి జవాబని తెలియడం మూడో పని. మీ బాబుకి మొదటిది వచ్చింది, రెండోది వచ్చి ఉండొచ్చు, మూడోది రాలేదు. అయిదు పిక్కలు లెక్కపెట్టాక ‘అయితే ఎన్నున్నాయి?’ అని అడగండి. మళ్ళీ ఒకటి నుంచి మొదలెడితే అదే గుర్తు.

కారెన్ విన్ అనే పరిశోధకురాలు 1990లోనూ 1992లోనూ చూపించినదాని ప్రకారం పిల్లలు ఈ మూడో పనికి మెట్లు మెట్లుగా చేరతారు. కొన్ని నెలల పాటు ‘ఒకటి’ మాత్రమే కచ్చితంగా తెలుస్తుంది, రెండు నుంచి పైన ఏది అడిగినా గుప్పెడే. తర్వాత ‘రెండు’, ఆ తర్వాత ‘మూడు’. అది దాటాక కొద్దికాలానికే ఎన్ని అడిగినా లెక్కపెట్టి ఇవ్వడం వచ్చేస్తుంది. చాలామంది పిల్లలు మూడున్నర, నాలుగేళ్ళ మధ్య అక్కడికి చేరతారు. ఇంట్లో అంకెల ఊసు తక్కువగా ఉండే పిల్లలకి ఇంకొన్ని నెలలు పట్టొచ్చు. బాబు వెనకబడ్డాడని ఇప్పుడే అనుకోనక్కర్లేదు, ఏ మెట్టు మీద ఉన్నాడో ముందు తెలుసుకోవాలి.

తెలుసుకునే పద్ధతి ఇది. పది పిక్కలు ఒక బుట్టలో, పక్కన ఖాళీ పళ్ళెం, ఒక బొమ్మ. ‘బొమ్మకి ఒకటి పెట్టు’ అనండి. సరిగ్గా పెడితే మూడు అడగండి. తప్పితే రెండు అడగండి. ప్రతిసారీ పిక్కలు మళ్ళీ బుట్టలో వేసెయ్యాలి. పెట్టాక ఒక్కసారి మాత్రం ‘ఇవి మూడేనా?’ అని అడిగి మార్చుకోనివ్వండి. ముఖంలో అవును, కాదు అన్నది కనపడనివ్వకండి, పిల్లలు చింతపిక్కల కంటే మీ కళ్ళనే ఎక్కువ చదువుతారు. మూడుసార్లలో రెండుసార్లు సరిగ్గా ఇచ్చిన అతి పెద్ద అంకె అతని మెట్టు. ఒక షరతుంది: వేరే అంకె అడిగినప్పుడు కూడా అన్నే ఇస్తుంటే లెక్కలోకి రాదు. మొత్తం పది నిమిషాలు మించదు.

నేర్పాల్సింది ఆ మెట్టుకి పైనున్న ఒక్క అంకె మాత్రమే. రెండు తెలిసిన పిల్లవాడికి మూడు. ముందు మొత్తం చెప్పి, వెంటనే లెక్కపెట్టండి: ‘ఇవి మూడు పిక్కలు. ఒకటి, రెండు, మూడు. మూడు.’ ఆఖరి ‘మూడు’ అంటున్నప్పుడు గుంపు చుట్టూ వేలితో సున్నా చుట్టాలి. ఇది చిన్న పనే గానీ మానకండి. లేకపోతే ‘మూడు’ అంటే మూడోసారి తాకిన ఆ ఒక్క పిక్క పేరనుకుంటాడు. అదే గుంపుని రెండోసారి అటు చివర నుంచి లెక్కపెట్టండి, ఇప్పుడు ‘మూడు’ వేరే పిక్క మీద పడుతుంది. ఆ తర్వాత రెండు పిక్కలు పక్కన పెట్టి ‘ఇవి మూడు కావు, రెండు’ అని చూపించండి. ఒకరోజు వరసగా, ఒకరోజు మూడు పొయ్యిరాళ్ళలా, ఒకరోజు చెల్లాచెదురుగా పెట్టాలి. ఎప్పుడూ వరసలోనే పెడితే ‘మూడంటే ఇంత పొడుగు’ అనుకునే ప్రమాదం ఉంది. మూడు బెల్లం ముక్కలు, మూడు చప్పట్లు, మూడు గెంతులు కూడా రావాలి.

తెలుగులో ఒక అదనపు మెలిక ఉంది. వస్తువులకి రెండు, మూడు అంటాం, మనుషులకి ఇద్దరు, ముగ్గురు అంటాం. మొదట వస్తువుల మీదే కుదురుకోనివ్వండి. ‘మూడు’ గట్టిపడ్డాక ముగ్గురు పిల్లల్ని నిలబెట్టి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పిక్క పెట్టి ‘మూడు పిక్కలు, ముగ్గురు పిల్లలు’ అని కలపండి. ‘మూడు పిల్లలు’ అన్నాడని మధ్యలో ఆపి దిద్దక్కర్లేదు, సంఖ్య అర్థమయ్యే అన్నాడు.

చింతపిక్కలు మూడేళ్ళ లోపు పిల్లల చేతికి ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. వాళ్ళకి నిమ్మకాయలు గానీ, గిన్నెలు గానీ చాలు. ఉద్దానం వైపు ఇళ్ళల్లో పచ్చి జీడిపిక్కలు చేతికందుతూ ఉంటాయి. వాటి తొక్కలోని రసం చర్మాన్ని పుండు చేస్తుంది, ఆటకి అసలు వాడొద్దు.

త్రిభుజం. చార్టులో అది ఎప్పుడూ మూడు వైపులా సమానంగా, అడుగు భాగం నేల మీద పరుచుకుని ఉంటుంది. దాన్నే రోజూ చూసిన పిల్ల పెట్టుకునే నియమం ‘కొండలా నిలబడ్డది త్రిభుజం’. అందుకే తలకిందులు చేస్తే కాదంటుంది, సన్నగా పొడుగ్గా ఉంటే కాదంటుంది, అంచులు వంపు తిరిగిన కొండ బొమ్మని మాత్రం ఔనంటుంది. దీనికి మందు అట్టముక్కలే. పాత శుభలేఖల అట్టలు ఎనిమిది తీసుకోండి, అన్నీ ఒకే రంగువి, లేకపోతే పిల్లలు రంగుని బట్టి వేరు చేసేస్తారు. అయిదు త్రిభుజాలు కత్తిరించండి: మూడు వైపులా 10 సెంటీమీటర్లది, 4 సెంటీమీటర్ల చిన్నది, 6–8–10 కొలతల మూలమట్టానిది, 7–7–12 కొలతల అణిగినట్టున్నది, 3–15–15 కొలతల సూది లాంటిది. మిగతా మూడూ త్రిభుజాలు కానివి: ఒక వైపు వంపు తిరిగినది, ఒక మూల కత్తిరించేసినది, మూలలన్నీ గుండ్రంగా అరగదీసినది.

మొదటి రోజు ఒక్క సమాన త్రిభుజమే చేతికిచ్చి, దాన్ని నేల మీద నెమ్మదిగా తిప్పుతూ ‘ఇప్పుడూ త్రిభుజమేనా?’ అని అడుగుతూ పోండి. తలకిందులైన చోట పిల్ల ఆగుతుంది. అక్కడ మూలల్ని ముట్టించి లెక్కపెట్టించండి: మూడు. తిప్పితే మూల పోయిందా? పోలేదు. రెండో రోజు దాని పక్కన సూది లాంటిది పెట్టండి. మూడో రోజు మూల కత్తిరించిన ముక్క పక్కన పెట్టి ఏం తేడా వచ్చిందో పిల్లనే చెప్పనివ్వండి. దాదాపు అన్నివిధాలా ఒకేలా ఉండి ఒక్క ముఖ్యమైన సంగతిలో తేడా ఉన్న జత, పది వేరు వేరు బొమ్మలకన్నా ఎక్కువ నేర్పుతుంది. ఎందుకంటే కన్ను నేరుగా ఆ తేడా మీదికే వెళ్తుంది. అయిదేళ్ళ పిల్లలుంటే చీపురుపుల్లలు ఇచ్చి త్రిభుజాలు కట్టించండి. 5, 5, 12 సెంటీమీటర్ల పుల్లలతో ఎంత తిప్పినా మూసుకోదని వాళ్ళే కనిపెట్టినప్పుడు ఆ ముఖాలు చూడాలి.

రంగుల విషయం త్వరగా చెప్తాను. రంగు ఒంటరిగా ఉండదు, ఎప్పుడూ ఒక వస్తువుకి అంటుకునే ఉంటుంది, అందుకే పిల్లలకి కష్టం. ‘పసుపంటే అరటిపండు’ అని నేర్పితే పిల్ల అరటిపండునే పట్టుకుంటుంది. ఒకే సైజు ప్లాస్టిక్ గాజులు, రంగు మాత్రమే వేరుగా, రెండు రంగులతో మొదలెట్టండి. అవి కుదిరాక అవే రెండు రంగులు వేరే వస్తువుల మీద, ఆ తర్వాతే మూడో రంగు. ‘ఎర్ర గాజు’ అనడం కంటే ‘ఈ గాజు ఎర్రగా ఉంది’ అనడం మొదట్లో మేలు. వస్తువు పేరు ముందు వినపడితే రంగు మాట వచ్చేసరికి చూపు ఆ వస్తువు మీదే ఉంటుంది. ఇంగ్లీషు మాట్లాడే రెండేళ్ళ పిల్లలతో 2010లో ఇలాంటి వరసే మేలు చేసింది, మన భాషలో ఆ వాక్యం సహజంగానే వస్తుంది. ఇంకొకటి, ఇళ్ళల్లో పసుపుపచ్చనీ, ఆకుపచ్చనీ రెండిటినీ ‘పచ్చ’ అనేస్తారు. కేంద్రంలో మాత్రం ‘పసుపు’, ‘ఆకుపచ్చ’ అని విడివిడిగా వాడండి, ఇంట్లో కూడా అలాగే అనమని తల్లులకి చెప్పండి.

ఎంతసేపు, ఎన్నిసార్లు? మూడు నుంచి అయిదు నిమిషాలు, మధ్యలో ఆట గానీ, భోజనం గానీ పెట్టి రోజుకి రెండుసార్లు. ఒకే రకం ఉదాహరణలు వరసపెట్టి చూపిస్తే పిల్ల ఆ క్షణాన బాగా చెప్తుంది, మనకీ తృప్తిగా ఉంటుంది. కానీ ఎడం ఇచ్చి చూపించినప్పుడే కొత్త ఉదాహరణని బాగా గుర్తుపట్టారని మూడేళ్ళ పిల్లలతో 2008లో చేసిన ప్రయోగం చెప్తోంది. 2006లో పదిహేను నెలల పిల్లలతో చేసిన ఇంకో పరిశీలనలో, కొత్త మాటల వరస విన్నాక కునుకు తీసినవాళ్ళు మాత్రమే దాని వెనకున్న నమూనాని కొత్త మాటలకి వర్తింపజెయ్యగలిగారు. మీ కేంద్రంలో భోజనం తర్వాత పడుకోబెట్టే వేళని కత్తిరించి అదనపు పాఠం పెట్టకండి.

ఫోన్లో రైమ్స్ చూస్తూ నేర్చుకుంటున్నాడని తల్లులు అంటారు. రెండున్నరేళ్ళ లోపు పిల్లలు ఎదురుగా ఉన్న మనిషి నుంచి నేర్చుకున్నంతగా తెర నుంచి నేర్చుకోరు. బొమ్మల్లో కూడా, కళ్ళద్దాలు పెట్టుకుని నవ్వే కార్టూన్ ఆవు కంటే అసలు ఆవు ఫోటోలో నేర్చుకున్నదే బయటి ఆవుకి బాగా చేరుతుంది. పిల్ల దేన్ని చూస్తోందో దాని పేరు అప్పుడే చెప్పడం అన్నిటికన్నా మంచి పద్ధతి. ఆమె కోడిని చూస్తుంటే ‘ఇటు చూడు, ఇదేటి?’ అని చార్టు వైపు తిప్పడం నష్టం.

నిజంగా వచ్చిందో లేదో చూడటానికి నేర్పిన బొమ్మతో అడగొద్దు, అది జ్ఞాపకాన్నే చూపిస్తుంది. కొత్త వస్తువు, కొత్త చోటు, వీలైతే ఆయమ్మ అడగడం. ‘ఇది త్రిభుజమా?’ అంటే పిల్లలు ఊ కొట్టేస్తారు. ‘వీటిలో త్రిభుజాలన్నీ తీసి ఇయ్యి’ అని, కానివి కూడా కలిపి పెట్టండి. తీసినవాటితో పాటు వదిలేసినవి కూడా రాసుకోండి. తీసినవి తప్పయితే హద్దు మరీ వదులు, తేడా ఉన్న జతలు కావాలి. తియ్యాల్సినవి వదిలేస్తే హద్దు మరీ బిగువు, వైవిధ్యం కావాలి.

ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా, మందస, మెళియాపుట్టి కొండ ఊళ్ళల్లో సవర మాట్లాడే పిల్లలుంటారు. రెండు భాషలు వినే పిల్లలు ఒక వస్తువుకి ఒకే పేరన్న అలవాటు మీద అంతగా ఆధారపడరని 2009లో ఏడాదిన్నర వయసు పిల్లల్లో చూశారు. కాబట్టి గరిటె, జల్లెడ ఉపాయం వాళ్ళ దగ్గర పారకపోవచ్చు. అది లోపం కాదు. వాళ్ళకి వస్తువుని ఎత్తి చూపించి సూటిగా పేరు చెప్పండి. విషయం వాళ్ళ ఇంటి భాషలో ముందే ఉంటే తెలుగు పేరు మాత్రమే నేర్పాలి, అందుకే మొదట తల్లినో అప్పనో ‘దీన్ని మీరేమంటారు?’ అని అడగండి.

పాప విషయంలో ఒక్కటి విడిగా చూడండి. రెండేళ్ళు నిండినా ‘అమ్మ రా’ లాగా రెండు మాటలు కలపకపోవడం, కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం, వెనక నుంచి పిలిస్తే పలకకపోవడం, వచ్చిన మాటలు పోవడం, తరచూ చెవిలో చీము కారడం. వీటిలో ఏదైనా ఉంటే ఉదాహరణలు మార్చుకుంటూ కాలం గడపకుండా ముందు వినికిడి పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) కింద వైద్య బృందం అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు రావాలి, ఆ రోజు ఈ పాప వచ్చేలా చూడండి. అంతవరకు ఆగేలా లేకపోతే ఏఎన్‌ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) ద్వారా ముందే పంపించండి.

ఇవేవీ లేకపోతే రేపు ఆవు–కుక్క జతతో మొదలెట్టండి. బాబుని బుట్ట, పళ్ళెం పద్ధతిలో ఒకసారి చూసి ఏ అంకె దగ్గర ఆగాడో, తప్పినప్పుడు ఎన్ని పెట్టాడో రాయండి. దాన్నిబట్టి తర్వాతి రెండు వారాలు ఏ అంకె మీద, ఏ వస్తువులతో పని చెయ్యాలో చెప్తాను.